మిలిటరీ వాళ్లింటికి అండగా ఉండాలంటే: ఫార్వర్డులు పక్కన పెట్టి చేయాల్సిన పనులు

ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అదే, "రోజుకి ఒక్క రూపాయి వేయండి, సైన్యానికి ఆయుధాలు కొంటారు" అని కింద ఒక బ్యాంకు అకౌంటు నంబరు ఉంటుందే, అది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగాక మళ్లీ అందరి ఫోన్లలో తిరిగింది. ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన పది నిమిషాలకి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడికి ఆర్మీలో తొమ్మిదేళ్ల సర్వీసు. "అన్నయ్యా, తుపాకులు చందాలతో కొనరు గానీ, అమ్మకి గ్యాస్ బుక్ అవ్వట్లేదంట, రేపు ఒకసారి వెళ్లి చూడవా" అన్నాడు.

సిగ్గేసింది, నిజం చెప్పాలంటే. పిన్ని ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. రక్షణ శాఖ కూడా ఆ మెసేజ్ తప్పని ప్రకటన ఇచ్చింది, కానీ నాకు గుచ్చుకుంది మాత్రం ఆ గ్యాస్ మాటే. అప్పటి నుంచి మా పిన్నికీ, మా వీధిలో ఇంకో రెండు మిలిటరీ ఇళ్లకీ చిన్నాచితకా పనులు చేస్తూ నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నా. జెండా పెట్టుకున్న డీపీ ఎలా మార్చాలో ఇందులో ఉండదు.

1. ముందు ఆ ఇంట్లో వాళ్లు ఎవరో తెలుసుకోండి

మనకి యూనిఫాం వేసుకున్న ప్రతివాడూ "మిలిటరీ"నే. కానీ ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ రక్షణ శాఖ కింద ఉంటాయి. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్బీ హోం శాఖ కింద ఉంటాయి. సహాయం చేసే ఆఫీసులు, ఫండ్లు, స్కాలర్‌షిప్పులు అన్నీ ఈ తేడాని బట్టే మారిపోతాయి. సీఆర్పీఎఫ్ జవాను భార్యని తీసుకెళ్లి సైనిక సంక్షేమ ఆఫీసులో కూర్చోబెడితే ఒక పూట వృథా, నేను చేశాను కాబట్టి చెబుతున్నా. వాళ్ల పనులు వాళ్ల ఫోర్సు గ్రూప్ సెంటర్ ద్వారానో, హోం శాఖ కింద ఉన్న పునరావాస బోర్డు ద్వారానో జరుగుతాయి.

మూడు దళాల వాళ్లకి, అంటే మాజీ సైనికులకి, వాళ్ల భార్యలకి, సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాలకి, దగ్గరి దిక్కు ఆంధ్రాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, తెలంగాణలో ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయం. కలెక్టరేట్‌లో అడిగితే ఎక్కడుందో చెబుతారు. జిల్లా సైనిక బోర్డుకి అధ్యక్షుడు కలెక్టరే, అది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకోటి, అగ్నివీర్లు. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరినవాళ్లది నాలుగేళ్ల సర్వీసు, అందులో 25 శాతం మంది వరకే రెగ్యులర్‌లోకి తీసుకుంటారు, మిగతావాళ్లకి పెన్షన్ ఉండదు, మాజీ సైనికుడి హోదా కూడా రాదు. కాబట్టి "మిలిటరీ కదా, నీకేంట్రా, పెన్షన్ వస్తుంది" అని అగ్నివీర్‌తో అనకండి.

2. "ఏమైనా కావాలంటే చెప్పండి" అనడం మానేయండి

ఈ మాట విన్న ఏ మిలిటరీ తల్లీ ఇప్పటిదాకా ఏమీ అడిగిన పాపాన పోలేదు. మొహమాటం. అడగాలంటే ఏదో లోటు ఉన్నట్టు ఒప్పుకోవాలి కదా. అందుకని మీరే పని పేరు పెట్టి అడగండి. "పిన్నీ, రేపు పదింటికి టౌనుకి వెళ్తున్నా, నీ బీపీ మాత్రల చీటీ ఇవ్వు" అంటే వెంటనే ఇస్తుంది.

ఆ ఇళ్లలో నిజంగా ఆగిపోయే పనులేంటో చెబుతా. మోటరు కాలిపోతే మెకానిక్‌ని పిలిచి దగ్గరుండి చేయించడం. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయడం. రాత్రి పదకొండింటికి పిల్లాడికి జ్వరం వస్తే బండి తీయడం. స్కూల్లో పేరెంట్స్ మీటింగు, బ్యాంకులో కేవైసీ, మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్టు, పొలం కౌలు డబ్బుల లెక్క. ఒక్కోటి చూస్తే చిన్నవే, కానీ ఆయన అక్కడ కొండ మీద సిగ్నల్ దొరికిన పది నిమిషాలూ ఈ లిస్టుతోనే అయిపోతాయి. మా తమ్ముడు ఒకసారి అన్నాడు, ఇంటికి ఫోన్ చేస్తే సగం టైము మోటరు గురించే మాట్లాడాల్సి వస్తుందని.

మాజీ సైనికుల ఇళ్లయితే వైద్యం సంగతి కూడా చూడండి. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే ముందు పాలిక్లినిక్‌కి వెళ్లి రెఫరల్ రాయించుకోవాలి, ఆ తర్వాతే ప్యానెల్‌లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రి. ఎమర్జెన్సీ అయితే నేరుగా వెళ్లొచ్చు. వయసు మళ్లిన సుబేదారు గారు ఈ క్యూ, ఆ క్యూ తిరగలేరు, తోడు వెళ్తే చాలు.

ఆంధ్రాలో గ్రామ పంచాయతీల పరిధిలో సైనికుల ఇళ్లకి ఆస్తి పన్ను మినహాయింపు ఇస్తున్నట్టు 2025 మేలో ప్రకటించారు. మీ ఊళ్లో వాళ్లకి అది అమలవుతోందో లేదో పంచాయతీ కార్యదర్శిని అడిగి కనుక్కోవడం కూడా ఒక సాయమే.

3. టీవీలో సైరన్లు మోగుతున్నప్పుడు

2025 మే 7 నుంచి 10 దాకా, ఆపరేషన్ సిందూర్ రోజులు. పిన్ని ఫోను ఆగకుండా మోగింది. అందరూ ఒకటే ప్రశ్న, "మీవాడు ఎక్కడున్నాడు? ఫోన్ చేశాడా?" ఆమెకే తెలియదు. ప్రతి ఫోనూ వాడిదేమో అని పరిగెత్తి ఎత్తడం, ఎవరో దూరపు చుట్టం గొంతు వినగానే నీరసపడి కూర్చోవడం. రెండో రోజుకి అన్నం కూడా సరిగా తినలేదు.

అప్పుడు ఎదురింటి ఆవిడ ఏం చేసిందంటే, గుమ్మం దగ్గరికి వచ్చి, "వదినా, ముక్కలు కొట్టించుకొచ్చా, తుడవడానికి ఒక చెయ్యి వెయ్యి" అని పిలిచింది. ఆవకాయ రోజులు కదా. ఇద్దరూ వరండాలో చాప వేసుకుని, పొడి గుడ్డతో ఒక్కో మామిడి ముక్కా తుడిచి, టెంక లోపలి పొర తీసి పక్కన పడేస్తూ మూడు గంటలు కూర్చున్నారు. యుద్ధం మాట ఒక్కటి లేదు. ఈ ఏడు కారం రేటు, ఆవపిండి ఎక్కువైతే చేదొస్తుందా రాదా, ఇవే. పిన్ని ఫోను తన దగ్గరే పెట్టుకుని, ఎవరు చేసినా "ఆవిడ పనిలో ఉంది" అని ఎదురింటావిడే చెప్పి పెట్టేసింది. ఆ పూట పిన్ని వాళ్లింట్లోనే భోంచేసింది.

నా సలహా కూడా అంతే. ఆ రోజుల్లో వార్తలు అడక్కండి, చెప్పకండి. మనిషి దగ్గర కూర్చోండి, చేతికి పని దొరికేలా చూడండి.

అలాగే, వాడి యూనిట్ పేరు, ఉన్న చోటు, లీవు క్యాన్సిలై ఏ రైలెక్కాడో, ఇవి స్టేటస్‌లో పెట్టకండి. స్టేషన్లో ట్యాంకులు ఎక్కించిన గూడ్సు బండి కనబడితే వీడియో తీయాలనిపిస్తుంది, తెలుసు. తీయకండి. ఆ సమయంలో సైనిక కదలికల లైవ్ కవరేజి చూపించొద్దని కేంద్రం టీవీ చానళ్లకే చెప్పింది, మనమెంత.

4. పార్సిల్ పంపాలంటే

బోర్డర్లో ఉన్నవాళ్ల అడ్రసు మామూలు అడ్రసులా ఉండదు. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిటు, కింద "కేరాఫ్ 56 ఏపీవో" లేదా "99 ఏపీవో", తొమ్మిదితో మొదలయ్యే పిన్ కోడ్. అంతే. ఊరి పేరు రాయకూడదు. ఉత్తరం, పడమర వైపు ఉన్నవాళ్లకి 56, ఈశాన్యం వైపు వాళ్లకి 99 అని గుర్తు. మీరు ఊహించి రాయొద్దు, వాడు చెప్పింది చెప్పినట్టు రాయండి. ప్రైవేటు కొరియర్లు ఈ అడ్రసుకి పనికిరావు, పోస్టాఫీసు ఒక్కటే దారి.

నూనె ఉన్న పచ్చడి పంపకండి. మేము ఒకసారి గోంగూర పచ్చడి ప్లాస్టిక్ డబ్బాలో పంపాం. మూడు వారాల తర్వాత వాడికి చేరింది, డబ్బా పగిలి, కూడా పెట్టిన ఊలు మఫ్లరు నిండా గోంగూర. ఆ మఫ్లరు ఇప్పటికీ వాసన వస్తుందని ఏడిపిస్తాడు. కంది పొడి, కరివేపాకు కారం, జంతికలు, సున్నుండలు బాగా వెళ్తాయి. కవర్లో పోసి సీలు వేయించి, దాని మీద ఇంకో కవరు, ఆ తర్వాత అట్టపెట్టె. అట్టపెట్టె మీద గుడ్డ కుట్టించి అడ్రసు మార్కరుతో రాస్తే తడిసినా చెరగదు. కొంచెం ఎక్కువే పెట్టండి, పక్క బ్యారక్‌లో తమిళ జవానుకి, పంజాబీ జవానుకి కూడా కంది పొడి అలవాటైపోతుంది. పవర్ బ్యాంకులు, లైటర్లు, సెంటు సీసాలు పోస్టులో తీసుకోరు.

రాఖీ, ఉత్తరాలు పంపాలంటే ఒక నెల ముందే వేయండి.

5. లీవు మీద వచ్చినప్పుడు

ఆ నల్లపెట్టె దించీ దించకముందే "ఏరా, క్యాంటీన్ బాటిల్ తెచ్చావా?" అనే బ్యాచి ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. వద్దు. కోటా సరుకు బయటవాళ్లకి ఇస్తే వాడి ఉద్యోగానికే ఇబ్బంది, కాదంటే ఊళ్లో చెడ్డపేరు. "ఎంతమందిని కాల్చావు?" కూడా అడగొద్దు. సరదాగానే అడుగుతాం, కానీ సరదాగా జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది.

వార్షిక లీవు అరవై రోజులు, అదీ రెండు మూడు ముక్కలుగా దొరుకుతుంది. అగ్నివీర్‌కైతే ఏడాదికి ముప్పై రోజులే. అందులో పెళ్లిళ్లు, ఆసుపత్రి, రిజిస్ట్రేషన్ ఆఫీసు, ఇంటి స్లాబు, అన్నీ పట్టాలి. సన్మానాలంటూ రెండు రోజులు లాక్కోకండి. వీలైతే వాడు రాకముందే ఆ ఆఫీసు పనులకి కావాల్సిన కాయితాలేంటో కనుక్కుని పెట్టండి, అక్కడ రెండు రోజులు మిగుల్తాయి.

రైల్లో కనిపిస్తే, అండమాన్ ఎక్స్‌ప్రెస్సో, ఏపీ ఎక్స్‌ప్రెస్సో, డోర్ దగ్గర పెట్టె మీద కూర్చున్న కుర్రాడు కనిపిస్తే, లీవు మధ్యలో వెనక్కి పిలిచి ఉంటారు, టికెట్ కన్ఫర్మ్ అయి ఉండదు. పగలంతా మీ బెర్త్ ఖాళీయే కదా, నాలుగు గంటలు పడుకోనివ్వండి.

6. డబ్బు ఇవ్వాలనుకుంటే

డబ్బు తప్పని నేననను, దారి సరిగ్గా ఉండాలి. కింద చెప్పే నిధులన్నిటికీ ప్రభుత్వ సైట్లున్నాయి, చిరునామా చివర జీవోవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి, క్యూఆర్ కోడ్ ఎవరో వాట్సాప్‌లో పంపితే స్కాన్ చేయకండి.

సాయుధ దళాల పతాక నిధి: డిసెంబరు 7న ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా చొక్కాకి గుచ్చి పిల్లలు డబ్బాలు తీసుకొస్తారే, ఇదే. 1949 నుంచి ఉంది. నాకు వ్యక్తిగతంగా ఇదే ఇష్టం, ఎందుకంటే ఈ డబ్బు పేద మాజీ సైనికుల, వితంతువుల చేతికి నెలనెలా వెళ్తుంది. పెన్షన్ లేని, 65 దాటిన, హవల్దారు వరకు ర్యాంకు ఉన్నవాళ్లకి ఇచ్చే సాయం 4,000 నుంచి 8,000 రూపాయలకి, పిల్లల చదువు సాయం నెలకి 1,000 నుంచి 2,000కి, కూతురి పెళ్లి సాయం 50,000 నుంచి లక్షకి పెంచారు, 2025 నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకి.

యుద్ధంలో చనిపోయిన, గాయపడిన సైనికుల కోసం "మా భారతీ కే సపూత్" అనే సైటు 2022 అక్టోబరులో మొదలైంది. 2016లో సియాచిన్‌లో మంచు కింద పదిమంది జవాన్లు చనిపోయినప్పుడు జనం డబ్బు ఇస్తామని ముందుకొస్తే, ఆ తర్వాత పుట్టిన నిధి దీని వెనక ఉంది.

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి దళాల అమరుల కుటుంబాలకి "భారత్ కే వీర్", 2017 నుంచి. ఇందులో ఒక ఫలానా జవాను కుటుంబానికే నేరుగా వేయొచ్చు, ఒక్కో కుటుంబం ఖాతాకి 15 లక్షల పరిమితి పెట్టారు, పేపర్లో పడ్డ ఒకరికే అంతా వెళ్లి మిగతావాళ్లు మిగిలిపోకుండా. మంచి ఆలోచన.

జాతీయ రక్షణ నిధి 1962 నాటిది, చైనా యుద్ధం టైములో పెట్టింది. చందా మీద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, కొత్తదాంట్లోకి మారినవాళ్లు ఆ లెక్క వేసుకోకండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్లు విదేశీ అకౌంటు నుంచి పంపేముందు ఆ నిధి అలా తీసుకుంటుందో లేదో సైటులో చూసుకోండి.

7. లైఫ్ సర్టిఫికెట్: ఒక ఫోను, అరగంట ఓపిక

ఇది చదివినవాళ్లలో ఒక్కరైనా ఈ ఒక్క పని చేస్తే నాకు చాలు.

రక్షణ పెన్షన్లు బ్యాంకుల నుంచి స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాయి. ఏడాదికోసారి, ఎక్కువమందికి నవంబరులో, "నేను బతికే ఉన్నాను" అని నిరూపించుకోవాలి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది. మా వీధిలో ఒక మామ్మ ఉంది, భర్త నాయక్‌గా రిటైరై చనిపోయాడు, ఆమెకి ఫ్యామిలీ పెన్షనే ఆధారం. వేలిముద్ర పడదు. పొలం పని చేసి చేసి గీతలు అరిగిపోయాయి. ఒక సెంటర్లో ఆరుసార్లు పెట్టించి, వేలు తడిగుడ్డతో తుడిపించి, చివరికి "రేపు రా" అన్నారు.

ఇలా చేయండి. మీ ఫోన్లో జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్, దానితో పాటు ఆధార్ ఫేస్ ఆర్డీ యాప్ వేసుకోండి. ముందు మీ ఆధార్‌తో ఆపరేటర్‌గా నమోదు కావాలి, ఆ తర్వాత ఆమె ఆధార్, పీపీవో (పెన్షన్ మంజూరు కాయితం) నంబరు, బ్యాంకు అకౌంటు నంబరు. ఇక్కడే అందరూ తప్పు చేసేది: ఆర్మీ వాళ్లకైతే పెన్షన్ మంజూరు చేసేది "డిఫెన్స్ - పీసీడీఏ (పి) అలహాబాద్", చెల్లించేది "స్పర్శ్ - పీసీడీఏ (పెన్షన్స్) అలహాబాద్" అని ఎంచుకోవాలి. పాత అలవాటు కొద్దీ బ్యాంకు పేరు పెడితే సర్టిఫికెట్ ఆ బ్యాంకుకి పోతుంది, స్పర్శ్‌కి చేరదు. ఫోటో తీసేటప్పుడు వెలుతురు మొహం మీద పడేలా కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి, కన్ను ఆర్పమనాలి. మామ్మ కెమెరా చూడగానే బిగుసుకుపోయి అసలు రెప్పే వేయలేదు. "మామ్మా, మనవడికి కన్ను కొట్టు" అంటే నవ్వింది, అప్పుడు పడింది.

ఓటీపీ ఆమెకే వస్తుంది, ఆమె చదివి చెప్పాలి. పీపీవో ఫోటోలు మీ ఫోన్లో ఉంచుకోకండి, ఆమె ముందే తీసేయండి. పని అయ్యాక సర్టిఫికెట్ ప్రింటు ఒకటి ఇచ్చి, కొన్ని రోజుల తర్వాత స్పర్శ్‌లో అది ఎక్కిందో లేదో చూడండి.

చదువుకునే పిల్లలున్న మాజీ సైనికుల ఇళ్లయితే కేంద్రీయ సైనిక బోర్డు సైటు చూపించండి. ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల్లో చేరినవాళ్లకి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పు ఉంది, అమ్మాయిలకి నెలకి 3,000, అబ్బాయిలకి 2,500. అర్హత పరీక్షలో 60 శాతం రావాలి. సర్వీసులో ఉన్నవాళ్ల పిల్లలకి ఇది రాదు, ఆశ పెట్టకండి.

8. పొలం గట్టు జరిగినప్పుడు

వాడు బోర్డర్లో ఉండగా పక్క చేనువాడు గట్టు జరపడం మన ఊళ్లలో కొత్త కాదు. సాక్షిగా నిలబడటమే ఇక్కడ మీరు చేయగలిగిన పెద్ద పని, నలుగురిలో మాట్లాడటానికి ఎవరూ ముందుకు రారు. తేదీతో ఫోటోలు తీసిపెట్టండి. జవాను తన కమాండింగ్ ఆఫీసరుకి చెప్పుకుంటే అక్కడి నుంచి కలెక్టరుకో, ఎస్పీకో లెటరు వస్తుంది, ఆ లెటరు ఎక్కడుందో కలెక్టరేట్‌లో వెంటపడేవాళ్లు ఇక్కడ ఒకరుండాలి. సైనికుడు డ్యూటీ వల్ల కోర్టుకి రాలేకపోతే అతన్ని కాపాడటానికి 1925 నాటి చట్టం ఒకటుంది. 2025 జూలై 26న జాతీయ న్యాయ సేవల సంస్థ "వీర్ పరివార్ సహాయతా యోజన" కూడా మొదలుపెట్టింది, సైనిక బోర్డుల దగ్గరే ఉచిత న్యాయ సాయం దొరికేలా.

9. జెండా కప్పిన పెట్టె వచ్చినప్పుడు

కల్నల్ సంతోష్ బాబు కోసం 2020లో సూర్యాపేట, మురళీ నాయక్ కోసం 2025లో గోరంట్ల మండలం కల్లి తండా ఎలా కదిలాయో చూశాం. ఆ రోజు జనానికి కొదవుండదు. మీరు మంచినీళ్లు, నీడ, వచ్చినవాళ్ల చెప్పులూ బళ్లూ చూడండి, ఫోన్ కెమెరా ఆమె మొహం మీదికి పోకుండా ఆపండి.

అసలు పని పెద్దకర్మ అయ్యాక మొదలవుతుంది. డెత్ సర్టిఫికెట్టు, పెన్షన్ ఫారాలు, ఇన్సూరెన్సు, ప్రభుత్వం ప్రకటించిన సాయం. "నేను త్వరగా సెటిల్ చేయిస్తా" అని కమీషన్ అడిగేవాళ్లు వారంలో దిగుతారు. యూనిట్ నుంచి వచ్చినవాళ్ల నంబరు, రికార్డ్ ఆఫీసు నంబరు ఒక పుస్తకంలో రాసిపెట్టి, ఆ రెండూ తప్ప ఇంకెవరి మాటా వినొద్దని ఆమెకి చెప్పండి. డబ్బు విషయంలో అత్తామామలకీ ఆమెకీ మధ్య మాట పెరిగితే మీరు ఏ పక్కా చేరకండి, సైనిక సంక్షేమ అధికారి ముందు కూర్చోబెట్టండి. ఆరు నెలలకి ఒకసారి వెళ్లి ఏ ఫారం ఎక్కడ ఆగిందో అడగండి. ఆ సమయానికి ఎవరూ వెళ్లరు.

10. రిటైరై వచ్చినవాడికి

పదిహేడేళ్లు చేసి ముప్పై ఏడేళ్లకే బయటికొస్తాడు సిపాయి. మనం ఇచ్చే ఉద్యోగం ఏటీఎం దగ్గర గార్డు. వాడు ఈఎంఈలో ఇంజిన్లు విప్పి బిగించినవాడు కావచ్చు, సిగ్నల్స్‌లో ఫైబర్ లైన్లు వేసినవాడు కావచ్చు, నాకు దీని మీద గట్టి కోపమే ఉంది. మీకు షెడ్డో, ఫ్యాక్టరీయో, స్కూలో ఉంటే గార్డు డ్రెస్సు చేతిలో పెట్టేముందు డిశ్చార్జి బుక్కులో ట్రేడు ఏం రాసుందో ఒకసారి చదవండి. ఆర్మీ అగ్నివీర్ల మొదటి బ్యాచి 2023 జనవరిలో ట్రైనింగు మొదలుపెట్టింది, నాలుగేళ్లు లెక్కేసుకోండి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లు సేవానిధి డబ్బు సుమారు 11.71 లక్షలతో ఇంటికొస్తారు. ఆ డబ్బు వాసన చిట్టీలవాళ్లకీ రియల్ ఎస్టేట్ ఏజెంట్లకీ వాళ్ల కంటే ముందే తెలుస్తుంది. ఊళ్లో మీకు మీ మాట వినే అగ్నివీర్ ఉంటే, వాడు ఎక్కడైనా సంతకం పెట్టేముందు ఆ కాయితం మీరూ ఒకసారి చదవండి.